హెడ్‌షాట్‌కు ముందు మూడు వారాలు: బట్టలు, జుట్టు, ముఖం ఎలా సిద్ధం చేసుకోవాలి

హనుమకొండలో చాలా ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఉద్యోగం కోసం ఫొటో దిగడానికి వచ్చేవారు గుమ్మంలోనే అడిగే మాట ఒకటి ఉంది: "కోటు మీ దగ్గరే ఉంటుంది కదండీ?" ఉంటుంది. మా వైపు చాలా స్టూడియోల్లో ఒక నల్ల కోటు, ముందే ముడి వేసి ఉంచిన ఒక టై గోడకు వేలాడుతూ ఉంటాయి. అది అందరి కోసం ఉంచిన కోటు కాబట్టి ఎవరికీ సరిపోదు. సన్నని కుర్రవాడు తొడుక్కుంటే భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది, కాస్త ఒళ్లున్నవారు తొడుక్కుంటే మెడ వెనక కాలర్ పైకి లేచి నిలబడుతుంది. కోటు తొడుక్కునే పని కూడా లేకుండా కంప్యూటర్‌లో తల కింద కోటు అతికించే పద్ధతి మరొకటి ఉంది. ఆ అతుకు మెడ దగ్గర తెలిసిపోతుంది, ఉద్యోగులను ఎంపిక చేసేవారు అలాంటివి రోజూ చూస్తూనే ఉంటారు.

హెడ్‌షాట్ అంటే తల, మెడ, భుజాలు, ఛాతీ పైభాగం మాత్రమే కనిపించే ఫొటో. ఎన్‌ఐటీలోనో కాకతీయ విశ్వవిద్యాలయంలోనో చదువు ముగిస్తున్న విద్యార్థికీ, మడికొండ ఐటీ పార్కులో పనిచేసే ఇంజనీరుకూ, కొత్తగా క్లినిక్ తెరిచిన వైద్యురాలికీ, కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టిన న్యాయవాదికీ ఇప్పుడు ఇది అవసరమవుతోంది. పాస్‌పోర్ట్ ఫొటో దీనికి బదులు కాదు, ఇది దానికి బదులు కాదు. అమెరికా వీసాకు తెల్లని నేపథ్యంతో 51 మిల్లీమీటర్ల చదరపు ఫొటో కావాలి, 2016 నవంబరు నుంచి అందులో కళ్లజోడుకు అనుమతి లేదు. హెడ్‌షాట్‌కు అలాంటి నియమాలేవీ లేవు. మీరు ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు, ఆ ఫొటో చూసినవారు "ఈ మనిషే" అని వెంటనే గుర్తుపట్టగలగాలి. కింద చెప్పబోయే ప్రతి పనినీ ఈ ఒక్క కొలతతోనే చూడండి.

మొదట తేదీ

మూడు వారాల ముందు చేయవలసిన పని తేదీ ఖాయం చేసుకోవడం, దానికి ఇంట్లోని క్యాలెండర్‌ను కూడా దగ్గర పెట్టుకోవాలి. వేములవాడ రాజన్నకో యాదగిరిగుట్ట నరసింహస్వామికో తలనీలాలు మొక్కుకున్నవారు మొక్కుకు ముందే ఫొటో దిగాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది కాబట్టి, మొక్కు తీర్చుకున్నాక మీ మామూలు రూపం రావడానికి నెలలు పడుతుంది. అయ్యప్ప మాలలోనో హనుమాన్ దీక్షలోనో ఉన్నవారు గడ్డం తీయరు కాబట్టి, దీక్ష విరమించి కనీసం వారం గడిచాక రావడం మంచిది. ఇంట్లో పెళ్లి ఉంటే దాని తర్వాత నాలుగైదు రోజులు వదిలేయండి. నిద్రలేని కళ్లు, నలుగు పసుపు, అలసట మూడూ ఫొటోలో కనిపిస్తాయి.

వేసవిలో అయితే ఉదయం తొమ్మిది, పది గంటల లోపే సమయం అడగండి. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది, మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చిన మనిషి ముఖంలోని ఎరుపు, జిడ్డు తగ్గడానికి అరగంటైనా పడుతుంది. తేదీ ఖాయం చేసుకునేటప్పుడే ఫొటో వెనక నేపథ్యం ఏ రంగులో ఉంటుందో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే బట్టల ఎంపిక దాని మీద ఆధారపడి ఉంటుంది.

బట్టలు

బీరువా తెరిచి, మీకు నచ్చిన నాలుగు జతలు బయటికి తీయండి. పగటిపూట కిటికీకి ఎదురుగా, నేరుగా ఎండ పడని చోట నిలబడి, ఒక్కొక్కటీ వేసుకుని ఇంట్లోవాళ్లతో ఫోన్‌లో ఛాతీ వరకు ఫొటో తీయించుకోండి. తర్వాత ఆ ఫొటోలను గోటి పరిమాణానికి చిన్నవి చేసి చూడండి. లింక్డిన్ వంటి చోట్ల మీ ఫొటోను చాలామంది ఫోన్ తెర మీద చిన్న వృత్తంలోనే చూస్తారు. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా ముందు ముఖం కనిపించి, తర్వాత చొక్కా కనిపిస్తే ఆ జత సరైనది. ముందు చొక్కా కనిపిస్తే దాన్ని తిరిగి బీరువాలో పెట్టండి.

రంగుల్లో ముదురు నీలం, మెరూన్, నేరేడు రంగు, ముదురు ఆకుపచ్చ మన మేనిఛాయలకు బాగా నప్పుతాయి. చిలకపచ్చ, నిమ్మపసుపు, మెరిసే గులాబీ వంటివి కంటికి ఎంత ఇంపుగా ఉన్నా, వాటి మీద పడిన వెలుతురు గడ్డం కిందికి తిరిగి కొట్టి, ఆ రంగు చర్మానికి అంటుకున్నట్టు చూపిస్తుంది. పూర్తి నలుపు చొక్కాలో మడతలు, కాలర్ అన్నీ కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి, నల్లని పొడవాటి జుట్టు దాని మీద పడితే జుట్టు ఎక్కడ ఆగిందో చొక్కా ఎక్కడ మొదలైందో తెలియదు. తెల్ల చొక్కా గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్వ్యూ అనగానే అందరూ దాన్నే తీస్తారు. తెలుపు ముఖం కన్నా ఎక్కువ వెలుతురును తిప్పి కొడుతుంది, కెమెరా ఆ తెలుపును చూసి వెలుతురు తగ్గించుకుంటే ముఖం ఉన్నదానికన్నా చీకటిగా వస్తుంది. పైగా నీలిమందు ఎక్కువైన చొక్కా ఇంట్లో తెల్లగానే అనిపించినా, ఫొటోలో నీలి మరకలతో కనిపిస్తుంది. బోరు నీళ్లలో పదేపదే ఉతికిన చొక్కా కాలర్ దగ్గర పసుపుబారి ఉంటుంది. తెలుపే కావాలనుకుంటే మీగడ తెలుపు ఎంచుకోండి, లేదా తెల్ల చొక్కా మీద మీ కొలతకు సరిపోయే కోటు వేసుకోండి. లేత నీలం ఈ రెండు ఇబ్బందులూ లేని రంగు. నేపథ్యం తెలుపైతే తెల్ల చొక్కా భుజాలు దానిలో కలిసిపోతాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

సన్న గీతలు, చిన్న చిన్న గళ్లు ఉన్న చొక్కాలు వద్దు. కెమెరా సెన్సార్‌లోని సూక్ష్మమైన గడుల వరుస, బట్ట మీది గీతల వరుస ఒకదానితో ఒకటి కలిసినప్పుడు, అసలు బట్టలో లేని అలల వంటి చారలు ఫొటోలో పుడతాయి. వాటిని తర్వాత తొలగించడం చాలా కష్టం. మెరిసే శాటిన్, మెరుపు కలిసిన సింథటిక్ బట్టలు కూడా ఫ్లాష్ కింద అక్కడక్కడా తెల్లగా మెరుస్తాయి.

కొలత విషయంలో ఖరీదు కన్నా కుట్టు ముఖ్యం. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. పై బొత్తాం పెట్టుకున్నప్పుడు కాలర్‌లోకి ఒక వేలు సులువుగా దూరాలి, మూడు వేళ్లు దూరితే వదులైనట్టే. బట్టల బజారులోనో జేపీఎన్ రోడ్డులోనో చౌరస్తాలోనో కొత్త చొక్కా కొంటున్నట్టయితే భుజాన్ని చూసి కొనండి. పక్కల వదులును టైలరు కొద్దిసేపట్లో కుట్టి సరిచేయగలడు కానీ, భుజం తగ్గించాలంటే చొక్కా విప్పి మళ్లీ కుట్టినంత పని. కొన్న చొక్కాను ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయించండి, లేకపోతే అట్టపెట్టెలో మడిచిన గీతలు ఛాతీ మీద అలాగే కనిపిస్తాయి. లోపలి బనియన్‌ను చాలామంది పట్టించుకోరు. పలుచని తెల్ల చొక్కా కింద తెల్ల బనియన్ అంచు స్పష్టంగా కనిపిస్తుంది, చర్మం రంగుకు దగ్గరగా ఉండే లేత గోధుమ రంగు బనియన్ కనిపించదు.

కోటు అవసరమా అని అడిగితే, మీ పనిలో కోటు వేసుకుంటారా అని నేను తిరిగి అడుగుతాను. న్యాయవాది, మేనేజ్‌మెంట్ విద్యార్థి వేసుకుంటే సహజంగా ఉంటుంది. బడిలో సైన్సు చెప్పే ఉపాధ్యాయుడు చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాలోనే తన విద్యార్థులకు తనలా కనిపిస్తాడు. కోటు వేసుకునేవారు తమ సొంతదో, తమ కొలతే ఉన్న అన్నదమ్ములదో తెచ్చుకోవాలి. కూర్చున్నప్పుడు బొత్తాం విప్పి, కోటు వెనక అంచును కిందికి లాగి దాని మీద కూర్చుంటే, మెడ వెనక కాలర్ పైకి లేవకుండా ఉంటుంది.

చీర కట్టుకునేవారికి నా సలహా, పట్టు చీరను ఈ ఒక్క రోజుకు పక్కన పెట్టమనే. జరీ అంచు సరిగ్గా భుజం మీద, ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. ఫ్లాష్ పడగానే చూపు దాని మీదికే పోతుంది. నేత చీరలు కట్టుకోవాలని ఉంటే నాకు ఎంతో సంతోషం. సిద్దిపేట గొల్లభామ చీరలో ఒళ్లంతా సాదాగా ఉండి అంచులోనూ కొంగులోనూ బొమ్మ ఉన్నది ఎంచుకుంటే, ముఖం చుట్టూ ప్రశాంతంగా ఉంటుంది. నూలు చీరకు గంజి పలుచగా పెట్టండి, గంజి ఎక్కువైతే కొంగు భుజం మీద అట్టలా నిలబడుతుంది. కొంగును సన్నని మడతలుగా పెట్టి, పిన్ను కనిపించకుండా లోపలి వైపు గుచ్చండి. ఒంటిపొరగా వదిలేస్తే భుజం ఆకారం పోతుంది. మరీ వెడల్పు మెడ ఉన్న జాకెట్లు, టాపులు వద్దు, ఎందుకంటే ఫొటోను దగ్గరగా కత్తిరించినప్పుడు బట్ట కనిపించక భుజాలు మాత్రమే మిగులుతాయి. హిజాబ్ ధరించేవారు మెరుపు లేని సాదా రంగు ఎంచుకుని, లోపల టోపీ పెట్టుకుంటే కూర్చుని తల తిప్పుతున్నప్పుడు అది జారదు.

నగల విషయంలో రోజూ వేసుకునేవి వేసుకోండి. నల్లపూసలు, చిన్న కమ్మలు ఉండవచ్చు, ఊగే జుంకాలు వద్దు.

జుట్టు, గడ్డం

కటింగ్ ఫొటోకు ముందురోజు చేయించుకోకండి. అయిదారు రోజుల ముందు చేయించుకుంటే చెవుల పక్కన, మెడ మీద కత్తెర గీతలు మెత్తబడి జుట్టు తన తీరులో కుదురుకుంటుంది, క్షౌరం సరిగా కుదరకపోయినా సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. కొత్త తరహా కటింగ్ ప్రయత్నించడానికి ఇది సమయం కాదు.

జుట్టుకు రంగు వేసేవారు నాలుగు రోజుల ముందు వేసుకోండి. నుదుటి అంచున, చెవుల మీద అంటిన నల్లని మరక పోవడానికి రెండు మూడు స్నానాలు పడతాయి. ఇంతకు ముందు వాడని రంగు అయితే చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడండి, ఎందుకంటే నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి ముఖం వాచేంత ప్రతిచర్య తెస్తుంది. గోరింటాకు మాత్రమే పెట్టేవారి తెల్ల వెంట్రుకలు స్టూడియో దీపాల కింద నారింజ రంగులో మెరుస్తాయి. అది మీ రోజువారీ రూపమే అయితే అలాగే ఉండనివ్వండి. నెరిసిన జుట్టును ఫొటో కోసం మాత్రమే నల్లబరచడాన్ని నేను ఎవరికీ సూచించను.

ముందురోజు రాత్రి తలకు నూనె పెట్టకండి. నూనె ఉన్న జుట్టు తలకు అంటుకుపోయి పలుచగా కనిపిస్తుంది, నుదుటి మీదికి దిగి మెరుస్తుంది. తలస్నానం ముందురోజు సాయంత్రం చేస్తే, ఆ ఉదయం చేసినప్పటిలా జుట్టు గాలికి ఎగరదు.

గడ్డం పూర్తిగా తీసేవారు ఫొటోకు రెండు మూడు గంటల ముందు కొత్త బ్లేడుతో, వెంట్రుకలు పెరిగే దిశలోనే గీసుకోవాలి. పొక్కులు వచ్చే చర్మమైతే ముందురోజు రాత్రే ముగించాలి. గడ్డం ఉంచుకునేవారు దవడ గీతను, గొంతు మీద గడ్డం ఆగే గీతను ముందురోజు ట్రిమ్మర్‌తో సరిచేసుకోండి. నాలుగు రోజుల గడ్డం ఉంచుకున్నదో మరిచిపోయినదో చూసేవారికి తెలిపేది ఆ రెండు గీతలే. ముక్కులోని, చెవుల మీది వెంట్రుకలు దీపాల కింద మనం అనుకున్నదాని కన్నా ఎక్కువ కనిపిస్తాయి, వాటిని కూడా అప్పుడే కత్తిరించండి.

ముఖం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఫొటో ఉందనగానే మెడికల్ షాపులో ఒక తెల్లబరిచే క్రీము కొని మూడు వారాలు రాసుకునేవారిని నేను చూశాను. అలాంటి క్రీముల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వైద్యుల సలహా లేకుండా వాటిని ముఖానికి రాస్తే చర్మం పలుచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, మానేసిన తర్వాత మరింత మండుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఈ మూడు వారాల్లో మీ ముఖానికి కావలసింది నిద్ర, నీళ్లు, రోజూ వాడే సబ్బు మాత్రమే.

ఫేషియల్, బ్లీచ్ చేయించుకునే అలవాటున్నవారు కనీసం వారం ముందు ముగించండి. కనుబొమల థ్రెడింగ్‌కు మూడు రోజుల వ్యవధి చాలు. ఎరుపు మరుసటి రోజుకే తగ్గినా, సన్నని పొక్కులు లేస్తే అవి ఆరడానికి ఇంకో రెండు రోజులు కావాలి.

పసుపు గురించి విడిగా చెప్పాలి. ఇంటి పెళ్లిలో నలుగు పెట్టించుకుని, కొమురవెల్లి మల్లన్నకో ఐనవోలు మల్లన్నకో మొక్కి నుదుట బండారి, అంటే గుడిలో పెట్టే పసుపు, ధరించి వచ్చినవారు "కడుక్కున్నానండీ" అంటారు. అద్దంలో అది పోయినట్టే ఉంటుంది. కానీ పసుపులోని రంగు పదార్థం నీటిలో కరిగేది కాదు, నూనెలో కరిగేది. సబ్బుతో ఎంత రుద్దినా చర్మపు సన్న గీతల్లో, వెంట్రుకల మొదళ్లలో అది మిగిలిపోయి కెమెరాకు దొరుకుతుంది. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి అక్క పెళ్లయిన మూడో రోజు ఫొటో తీశాను. తెల్లని దీపాల కింద బుగ్గలు మామూలుగా, నుదురు, చెవుల ముందు భాగం లేత పసుపుగా వచ్చాయి, చివరికి మరో రోజు మళ్లీ తీయవలసి వచ్చింది. కొబ్బరి నూనె పలుచగా రాసి, పది నిమిషాల తర్వాత మెత్తని గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. రెండు రోజులు ఇలా చేస్తే చాలావరకు పోతుంది.

పౌడరు వేసుకోవద్దని నేను గట్టిగానే చెబుతాను. ముఖానికి రాసే మామూలు పౌడరు చామనఛాయ మీద బూడిద రంగు పొరలా కనిపిస్తుంది, మెడ దగ్గర గీత తెలుస్తుంది. సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉంటే, అవి ఫ్లాష్ వెలుతురును తిప్పి కొట్టి ముఖాన్ని పాలిపోయినట్టు చూపిస్తాయి. దారిలో రాసుకుంటే స్టూడియోకు రాగానే కడుక్కోండి. మేకప్ వేసుకునేవారు ఫౌండేషన్ రంగును చేతి మీద కాకుండా దవడ ఎముక మీద రాసి చూసి ఎంచుకోవాలి. కాటుక పలుచగా పెట్టండి, చెమటకు కారే కాటుక అసలు వద్దు. బొట్టు పెట్టుకునేవారు స్టిక్కరైతే కొత్తది వాడండి, పొడి కుంకుమ ముక్కు మీద రాలుతుంది.

మొటిమ లేస్తే గిల్లకండి. గిల్లకుండా ఉంటే దాన్ని ఫొటోలో రెండు నిమిషాల్లో తొలగించగలం, గిల్లిన గాయపు నీడను తొలగించడం అంత సులువు కాదు. చలికాలంలో పెదవులు పగిలేవారు వారం రోజులు రాత్రిపూట వెన్న గానీ వాజలైన్ గానీ రాసి, ఫొటోకు ముందు తుడిచేయండి. రాత్రి పదకొండులోపు పడుకోండి.

కళ్లజోడు రోజూ పెట్టుకునేవారు ఫొటోలోనూ పెట్టుకోవాలి, లేకపోతే మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు. ఎండలో నల్లబడే అద్దాలైతే స్టూడియోలో పావుగంట కూర్చున్నాకే ఫొటో దిగండి. చెవుల మీది కాడలను కొంచెం పైకి లేపితే అద్దాలు కిందికి వంగి, దీపాల ప్రతిబింబం తప్పిపోతుంది.

ఆ రోజు

వేసుకోవలసిన చొక్కాను వేసుకుని రాకండి. నర్సంపేట నుంచో జనగామ నుంచో బస్సులో కూర్చుని వచ్చేసరికి వీపు తడిసి మడతలు పడతాయి. బండి మీద వచ్చినా దుమ్ము తప్పదు. ఇస్త్రీ చేసిన జతను హ్యాంగరుకు తగిలించి, కవరు తొడిగి తెచ్చుకోండి. వీలైతే రెండో జత కూడా తెచ్చుకోండి, వేసుకుని చూసేదాకా ఏది నప్పుతుందో తెలియని సందర్భాలు ఉంటాయి. హెల్మెట్ తప్పనిసరిగా పెట్టుకోండి. అది అణచిన జుట్టును స్టూడియోలో నీళ్ల చేతితో తడిపి, దువ్వుకుంటే సరిపోతుంది.

ఇచ్చిన సమయానికి 20 నిమిషాలు ముందు చేరి, ఫ్యాను కింద కూర్చోండి. చెమటను రుమాలుతో రుద్దకుండా అద్ది తీయండి, రుద్దితే ముఖం ఎర్రబడుతుంది. తర్వాత బట్టలు మార్చుకుని, జేబులోని పెన్ను, ఫోను, మెడలోని ఐడీ కార్డు తీసి పక్కన పెట్టండి. చొక్కా మీది నూగును, వెంట్రుకలను అంటించే టేపుతో అద్ది తీయండి, ముదురు రంగు బట్ట మీద అవి బాగా కనిపిస్తాయి.

రెండు మూడు ఫొటోలు తీయగానే ఆపమని అడిగి, కంప్యూటర్ తెర మీద పెద్దవి చేసి చూడండి. కాలర్ రెండు వైపులా సమానంగా ఉందా, బనియన్ కనిపిస్తోందా, అద్దాల్లో దీపం మెరుస్తోందా, చెవి పక్కన వెంట్రుక లేచి ఉందా అన్నది అప్పుడే తేలాలి. ఫొటోగ్రాఫరు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి, ఈ పని మీ కోసమే జరుగుతోంది.

ఎడిటింగ్‌కు ముందు ఒక మాట స్పష్టంగా చెప్పండి. మా వృత్తిలో అడగకుండానే ముఖాన్ని నాలుగు ఛాయలు తెల్లబరిచే అలవాటు ఉంది, దాన్ని మర్యాద అనుకునేవారు కూడా ఉన్నారు. ఆ ఫొటోలోని మనిషి మీరు కాదు. ఇంటర్వ్యూ గదిలో మీ ముఖం, ఫొటోలోని ముఖం పక్కపక్కన ఉంటాయి. మన నేల మీద, మన ఎండలో పెరిగిన ఛాయ దాచుకోవలసింది కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. రెండు వారాల్లో తనంతట తానే పోయేదాన్ని, అంటే మొటిమనో గీసుకున్నప్పటి గాటునో తొలగించమనండి. పుట్టుమచ్చ, పాత గాయపు మచ్చ, ఛాయ, దవడ ఆకారం ముట్టుకోవద్దనండి. సరిచేసిన ఫొటోతో పాటు అసలు ఫొటోను కూడా పూర్తి పరిమాణంలో తీసుకోండి. రేపు ఏదైనా సంస్థ వేరే కొలతలో అడిగితే, వాట్సాప్‌లో వచ్చి కుంచించుకుపోయిన ప్రతి నుంచి కాకుండా దాని నుంచే కత్తిరించుకోవచ్చు.